నా ఒళ్ళు మందు మీద తిరగబడింది

ప్రాణం నిలబెడుతుందని ఎక్కించిన మందు నన్ను చంపబోయింది. అందులో మందు తప్పు లేదు, డాక్టరు తప్పు లేదు. నా ఒంటి తప్పు కూడా లేదని అర్థం కావడానికి మాత్రం నాకు చాలాకాలం పట్టింది.

ఇది రాయమని నా భార్య సుగుణ కొన్నేళ్ళుగా పోరుతోంది. గుండెపోటుకు ఇచ్చే ఆ ఇంజెక్షను గురించి తెనాలి నుంచి రేపల్లె దాకా రకరకాల కథలు తిరుగుతున్నాయి. వాటిలో సగం నా పేరు మీదే తిరుగుతున్నాయి. చర్చి మెట్ల మీద, బస్టాండులో మనుషులు నన్ను ఆపి, ఆ విషం ఎక్కించింది మీకేనా అని అడుగుతారు. అది విషం కాదు. ఏం జరిగిందో మొదటినుంచీ చెబితే తప్ప ఆ మాట ఎవరూ నమ్మరు.

కాలి జ్వరాలు, ఎనభైల్లో

నా పేరు రాజారత్నం. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుని. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేమూరు వైపు కాలువల మీద వేశారు. కాపురం తెనాలిలో. సుగుణ అక్కడే మిషను స్కూల్లో టీచరు. నేను పొద్దున్నే సైకిలెక్కి కాలువగట్టు పట్టుకుని పోయేవాణ్ణి. తూముకు గుర్రపుడెక్క అడ్డం పడితే కూలీలతో పాటు నేనూ నీళ్ళలోకి దిగేవాణ్ణి. వానాకాలమంతా పాదాలు నానిపోయి, వేళ్ళ సందులు పగిలి పచ్చిగా ఉండేవి.

అలా కొన్నాళ్ళు గడిచాక ఎడమకాలికి మొదటిసారి జ్వరం వచ్చింది. మా వైపు దాన్ని బోదజ్వరం అంటారు. ముందు గజ్జలో బిళ్ళ కడుతుంది. కాసేపటికి చలి మొదలవుతుంది. మామూలు చలి కాదది. ఎవరో నన్ను మెడ పట్టుకుని గోడకేసి బాదుతున్నట్టుండేది. పళ్ళు టకటకా కొట్టుకునేవి. ఒకసారి నాలుక వాటి మధ్యన పడి చీరుకుపోయింది. ఆ వణుకు తగ్గాక కాలు పాదం నుంచి మోకాలి దాకా ఎర్రబడి, కొలిమిలోంచి తీసిన ఇనుములా కాలేది. దుప్పటి అంచు తగిలినా అరిచేవాణ్ణి. తర్వాత చెమటలు పట్టి, జ్వరం దిగి, నీరసంగా లేచి మళ్ళీ కాలువ మీదికి పోయేవాణ్ణి.

ఏటా వానలు పడగానే అది వచ్చేది. వచ్చిన ప్రతిసారీ కాలు కాస్త లావెక్కేది. ప్యాంటు ఎడమకాలు వెడల్పుగా కుట్టమని టైలరుకు చెప్పేవాణ్ణి. మా ఊళ్ళల్లో బోదకాలును ఎవరూ పెద్ద రోగంగా చూడరు. దాని గురించి డాక్టరుకు చెప్పుకోవాలని కూడా తోచదు.

ఇక్కడే సుగుణ తమ్ముడు ప్రకాశం గురించి చెప్పాలి. పెనుమూడిలో వ్యవసాయం. కృష్ణ ఒడ్డున లంకపొలంలో అరటి, పసుపు వేసేవాడు. తండ్రి చిన్నతనంలోనే పోతే సుగుణే వాణ్ణి పెంచింది. ఆరడుగుల మనిషి, నాగలి పట్టిన చేతులు. కోపం వస్తే వాడికి ముందు చెయ్యి లేచేది, మాట ఆ తర్వాత వచ్చేది. సంతలో, పడవరేవులో వాడు ఎవర్నో కొట్టాడన్న కబురు రాని నెల ఉండేది కాదు. కానీ ఒకసారి కాలిజ్వరం చలిలో నేను మంచం మీంచి కింద పడితే, అప్పుడే ఊరినుంచి వచ్చిన ప్రకాశం నన్ను పసిపిల్లవాడిలా ఎత్తి, రగ్గులో చుట్టి, వణుకు ఆగేదాకా నన్ను రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజునుంచి వాడి మీద ఎవరెన్ని చెప్పినా నేను పట్టించుకోలేదు.

తెనాలి, తొంభై ఒకటి ఎండాకాలం

వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేస్తారు. మా శాఖకు అసలు పని అప్పుడే. తూము మరమ్మతు చేయిస్తూ ఎండిన కాలువలో నిలబడి ఉన్నాను. రొమ్ము మధ్యలో గునపం దిగినట్టయింది. దించినవాడు దాన్ని అక్కడే ఉంచి తిప్పుతున్నాడు. ఎడమచెయ్యి మొద్దుబారింది. కూర్చుందామనుకున్నాను గానీ మోకాళ్ళు అంతకుముందే మడతపడ్డాయి. నోట్లో మట్టి. కూలీలు నన్ను ఇటుకల ట్రాక్టరులో వేసి తెనాలి తీసుకొచ్చారు. దారిలో ప్రతి గుంటా నన్ను మళ్ళీ పొడిచింది. దేవుణ్ణి తలుచుకున్నానని చెప్పుకోవాలనుంది, కానీ అబద్ధం. ట్రాక్టరు ఆపండిరా అని ఒకటే తిట్టాను.

చేర్చింది ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో. డాక్టరు శ్రీధర్ గారు ముప్ఫై దాటినట్టు కూడా కనిపించలేదు. పెద్ద చదువు చదివి కొత్తగా తెనాలి వచ్చారు. ఈసీజీ తీసి, కాగితం చూస్తూనే సుగుణను పక్కకు పిలిచారు. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడిందనీ, దాన్ని కరిగించే మందు ఉందనీ, ఆలస్యమైనకొద్దీ గుండె కండ చచ్చిపోతుందనీ చెప్పారు. కొందరికి ఒంట్లో ఎక్కడైనా రక్తం కారవచ్చు, కొందరికి మందు పడకపోవచ్చు అని కూడా దాచకుండా చెప్పారు. ఆపరేషన్లు అయ్యాయా, ఉబ్బసం ఉందా, ఏ ఇంజెక్షనైనా ఎప్పుడైనా వికటించిందా అని అడిగారు. అన్నిటికీ లేదనే చెప్పింది. కాలి జ్వరం మాట ఆయన అడగలేదు, మాకూ గుర్తు రాలేదు.

సుగుణ ఒక్కటే అడిగింది. "మీ ఇంట్లో వాళ్ళకైతే ఇస్తారా, డాక్టరుగారూ?"

"మా నాన్నకైనా ఇస్తానమ్మా," అన్నారాయన.

సరేనంది. సీసాలో మందు కలిపి చేతికి డ్రిప్పు పెట్టారు.

మొదట అరచేతులు దురద పెట్టాయి. మంచం పట్టీకేసి రుద్దుకున్నాను. దురద మోచేతులకెక్కింది, మెడకెక్కింది, తలలోకి పోయింది. ఒంటి మీద దద్దుర్లు గుప్పున లేచాయి. పెదవులు నావి కానట్టు బరువెక్కాయి. సిస్టర్ అని పిలవబోతే నాలుక నోట్లో పట్టలేదు. గాలి లోపలికి పోతున్నప్పుడు ఈల వేసినట్టు చప్పుడు. అప్పుడు వచ్చింది వణుకు. నాకు బాగా తెలిసిన ఆ కాలిజ్వరపు వణుకే, కానీ దానికి పదింతలు. ఇనుప మంచం నన్ను మోసుకుంటూ గచ్చు మీద జరిగింది. గోడకు తగిలి ఆగింది. మళ్ళీ నాలుక కొరుక్కున్నాను. నోరంతా ఉప్పగా అయింది. ఒంట్లోకి పోయింది గడ్డలు కరిగించే మందు కనుక ఆ రక్తం ఆగలేదు. గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతూనే ఉంది. రొమ్ములో గునపం అలాగే ఉంది.

కబురందుకుని పెనుమూడి నుంచి బయల్దేరిన ప్రకాశం సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

వాడికి కనిపించింది ఇది. బావ నోటినిండా రక్తం. ముఖం గుమ్మడికాయలా వాచింది. మంచం ఎగిరిపడుతోంది. పక్కన తెల్లకోటు మనిషి చేతిలో సూది. వాడు ఏమీ అడగలేదు. డాక్టరు గారి కాలరు పట్టుకుని గోడకు విసిరాడు. ఆయన లేచి నా వైపు వస్తుంటే మూతి మీద గుద్దాడు. ఆయన వెళ్ళి తలుపు మీద పడ్డారు. తలుపు అద్దం పగిలి గది నిండా పెంకులు. సిస్టరు బయటికి పరిగెత్తింది. సుగుణ తమ్ముడి నడుము పట్టుకుని వేలాడుతోంది. వాడు ఆమెను ఈడ్చుకుంటూనే మళ్ళీ డాక్టరు మీదికి పోయాడు. "ఏం ఎక్కించావురా మా బావకి?" అన్న వాడి గొంతు నాకు నీళ్ళ అడుగునుంచి విన్నట్టు వినిపించింది. ఊపిరి అందడం లేదు. వాళ్ళు కొట్టుకుంటున్నారు. నేను పోతున్నాను. ఈ మూడూ నాకు స్పష్టంగా తెలుస్తున్నాయి.

పక్క మంచం మీద ఒక కళాయి పనివాడు ఉన్నాడు. ఆయన భార్య పేరు ఖాసింబీ. అరవై ఏళ్ళుంటాయి, బక్కపలచని మనిషి. ఆవిడ లేచి వచ్చి, ప్రకాశం చెంప మీద ఛెళ్ళున కొట్టింది. ఇంకోటి కొట్టింది. తనకంటే అడుగున్నర పొడుగున్న వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

"ఆయన్ని చంపితే నీ బావని ఎవరు బతికిస్తారు? నువ్వా?" అంది.

ప్రకాశం ఆగాడు. వాణ్ణి జీవితంలో ఎవరూ తిరిగి కొట్టి ఉండరు. ఆ ఆగిన క్షణంలోనే డాక్టరు గారు అద్దం పెంకుల మీద మోకాళ్ళతోనే పాకి వచ్చి, డ్రిప్పు మూసేశారు. పెదవి చీలి ఆయన రక్తం నా చేతి మీద పడుతోంది. తుడుచుకోలేదు. ఒక ఇంజెక్షను, మరొకటి, కాళ్ళ కింద దిండ్లు, ముక్కుకు ఆక్సిజన్. సుగుణను పిలిచి నా తల పక్కకు తిప్పి పట్టుకోమన్నారు. ఖాసింబీ తన భర్త మీది రగ్గు లాగి తెచ్చి నా కాళ్ళ మీద కప్పి, దాని మీద బోర్లా పడి అదిమి పట్టుకుంది.

కాసేపటికి గాలి లోపలికి వచ్చింది. అంత తియ్యటిది నేను ఇంతవరకూ దేన్నీ నోట్లో పెట్టుకోలేదు.

సాయంత్రానికి ఒక కానిస్టేబులు వచ్చి అద్దం సంగతి అడిగాడు. పెదవికి కుట్లు వేయించుకుని వచ్చిన డాక్టరు గారు, పగిలింది, మళ్ళీ వేయించుకుంటాం, పేషెంట్ల దగ్గర నిలబడొద్దు అని పంపేశారు. ప్రకాశం వరండాలో గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడట. సుగుణ వాడితో మాట్లాడలేదు. నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఖాసింబీ మాత్రం పోయి వాడికి టీ ఇచ్చిందట.

అదే వేసవి, ఆ తర్వాత

సగం మందే పోయినా గడ్డ కొంత కరిగిందన్నారు. రొమ్ములో గునపం తీసేసినట్టే ఉంది గానీ, దించిన చోటు మిగిలింది. నా చేతులు, పొట్ట నల్లగా కమిలిపోయాయి. సూది గుచ్చిన ప్రతిచోటా నేరేడుపళ్ళు నలిపినట్టు మచ్చలు. అద్దం చూపించమంటే సుగుణ ఇవ్వలేదు.

కాస్త కూర్చోగలిగాక డాక్టరు గారు నా ఎడమకాలు చూశారు. అటూ ఇటూ తిప్పి చూసి, మంచం అంచున కూర్చున్నారు. ఎన్నేళ్ళనుంచి, ఎలా వస్తుంది, చలి ఎలా ఉంటుంది అని అన్నీ అడిగారు. కుట్లున్న పెదవితో మెల్లగా మాట్లాడేవారు.

"గొంతునొప్పి తెప్పించే క్రిమి ఒకటుంది. ఒంట్లోకి దూరాక దాని దారికి మన రక్తం గడ్డకట్టి అడ్డుపడుతుంది. ఆ గడ్డను కరిగించుకుని ముందుకు పోవడానికి అది ఒక ఎంజైము తయారు చేసుకుంటుంది. మనవాళ్ళు ఆ ఎంజైమునే తీసి, శుభ్రం చేసి, గుండెపోటుకు మందుగా ఇస్తున్నారు. మీ కాలికి ఏటేటా జ్వరం తెప్పించిందీ బహుశా ఆ జాతి క్రిమేనండి."

నాకు అర్థం కాలేదు. క్రిమి మందు ఎలా అవుతుందని అడిగాను.

"క్రిమి కాదు, దాని పనిముట్టు. కానీ మీ ఒంటికి ఆ తేడా తెలీదు. ఇన్నేళ్ళూ దాంతో కొట్లాడి కొట్లాడి ఉంది. వాసన తగలగానే శత్రువొచ్చాడని మీద పడింది." వరండా వైపు చూశారు. "మీ బావమరిదీ అంతేగా."

నవ్వబోతే ఆయన కుట్లు లాగినట్టున్నాయి, పెదవి పట్టుకున్నారు. కాలి సంగతి ముందే తెలిస్తే ఇచ్చేవారు కాదా అని సుగుణ అడిగింది. ఇంకా జాగ్రత్తగా ఇచ్చేవాణ్ణేమో గానీ, ఇచ్చేవాణ్ణే. ఆ గడ్డ అలాగే ఉంటే ఈపాటికి మీరు ఇక్కడ కూర్చుని ఈ ప్రశ్న అడిగేవారు కాదమ్మా అన్నారు.

ఇంటికి పంపారు. అంతా అయిపోయిందనుకున్నాం. వారం తిరక్కుండానే రెండో దెబ్బ తగిలింది.

మొదట చీలమండలు వాచాయి. తర్వాత మోకాళ్ళు, మణికట్లు. ఒక్కొక్క కీలునూ పట్టుకారుతో పట్టి విరుస్తున్నట్టుండేది. కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు పొక్కి, కలిసిపోయి, చర్మం చెక్కేసినట్టయింది. జ్వరం. గ్లాసు పట్టుకోలేను. దవడ నొప్పితో నోరు తెరవలేను. సుగుణ గంజి చెంచాతో పోస్తే అది సగం మెడ మీదే పడేది. మంచం మీద ఒత్తిగిలించినప్పుడల్లా నేను పెట్టిన కేకలకు పక్కింటి పిల్లలు ఏడ్చేవారట.

ప్రకాశం మళ్ళీ వచ్చాడు. మందు విషం ఇంకా ఒంట్లోనే ఉందనీ, ఆ డాక్టరు గడప తొక్కవద్దనీ, విజయవాడ తీసుకుపోతాననీ అన్నాడు. అక్కాతమ్ముళ్ళకు అక్కడే నా మంచం పక్కనే పెద్ద గొడవైంది. నీ చేతులవల్లే ఆ రోజు ఈయన పోవాల్సింది అని సుగుణ అంది. వాడు ఆ మాటకు పిడికిలి ఎత్తి, అక్క ముఖం చూసి, ఆ పిడికిలితో మా తలుపు చెక్కను గుద్దాడు. చెక్క పగిలింది, వాడి వేలి గణుపులు చిట్లాయి. ఆ నెత్తురు చెయ్యి పట్టుకుని వాడు గుమ్మంలో నిలబడి ఉండగానే, సుగుణ పంపిన కబురందుకుని డాక్టరు శ్రీధర్ గారు స్కూటరు దిగారు.

ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు. నా మంచం మీంచి నాకు కనిపిస్తోంది. లేవగలిగితే మధ్యన పడేవాణ్ణి.

డాక్టరు గారు వాడి చెయ్యి చూశారు. సంచిలోంచి దూది తీసి వాడికే ఇచ్చి, గట్టిగా నొక్కి పట్టుకోమన్నారు. "లోపలికి రానిస్తారా?" అని అడిగారు.

ప్రకాశం పక్కకు జరిగాడు. ఆయన నన్ను చూసి, ఇది కూడా ఆ తిరుగుబాటులో భాగమేననీ, ఆ రోజు జరిగింది మొదటి దాడి అయితే ఇది వెనకనుంచి వచ్చిన దండు అనీ, మందు ఒంట్లోంచి ఎప్పుడో పోయిందనీ, ఒళ్ళే ఇంకా ఆగడం లేదనీ చెప్పారు. ఆ దండును అణచడానికి ఒక ఇంజెక్షను ఇచ్చి, మాత్రలు రాశారు. వెళ్ళబోతూ మంచినీళ్ళు అడిగారు. సుగుణ లేచేలోగా ప్రకాశం కుండలోంచి ముంచి తెచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు. దూది కింద పడిపోయి, గ్లాసుకు కాస్త రక్తం అంటింది. డాక్టరు గారు చూశారు, తాగారు. వాడు తప్పైపోయిందని అనలేదు, ఆయన అనమని అడగలేదు. తర్వాత ఆ వేసవంతా పెనుమూడి నుంచి ఆయన ఇంటికి అరటిగెలలు వెళ్ళాయని చాలాకాలానికి నాకు తెలిసింది.

తగ్గాక ఆయన ఒక మాట గట్టిగా చెప్పారు. ఈ మందు మీకు మళ్ళీ ఎప్పుడూ ఎక్కించకూడదు. ఇప్పుడు మీ ఒళ్ళు దాన్ని మరింత బాగా గుర్తుపెట్టుకుంది. మందు పేరు స్ట్రెప్టోకైనేజ్. సుగుణ చేత దాన్ని తప్పులేకుండా వచ్చేదాకా అనిపించారు, స్కూలు పిల్ల చేత ఎక్కం చెప్పించినట్టు.

బాపట్ల, తొంభై మూడు నుంచి

ఇక కాలువ మీద నిలబడలేనని బాపట్లకు బదిలీ చేశారు. ఆఫీసులో కుర్చీ పని. సుగుణ కూడా అక్కడి స్కూలుకు మార్పించుకుంది. సముద్రపు గాలి మంచిదన్నారు అందరూ. గాలి మంచిదే, భయం మాత్రం నాతోపాటే వచ్చింది.

దేనికి భయం అంటే చెప్పలేను. చావుకు కాదు. నా ఒంటికే భయం. వేలు దురద పెడితే గుండె ఆగేది. చలిగాలి తగిలి వెంట్రుకలు నిక్కబొడిస్తే సుగుణను కేకేసేవాణ్ణి. నేను పడుకున్నాక నాలోపల ఎవరో కర్రలు పట్టుకుని కాపలా తిరుగుతున్నారనీ, దేన్ని చూసి ఎప్పుడు విరుచుకుపడతారో తెలియదనీ అనిపించేది. నన్ను కాపాడటానికే ఉన్న మనుషులు వాళ్ళు. వాళ్ళ చేతిలోనే చావబోయాను.

కాలిజ్వరం రాకుండా నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షను చేయించుకోమన్నారు. ప్రతిసారీ చర్మం మీద పరీక్ష చేసి, పడుతుందని తేలాకే ఇచ్చేవారు. అయినా ఆ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నంతసేపూ నా చొక్కా తడిసిపోయేది. అక్కడి పెద్ద సిస్టరు అది గమనించింది. ఏం జరిగిందని అడిగితే ఎవరికీ చెప్పనంత వివరంగా చెప్పాను. అప్పటినుంచి ఇంజెక్షను అయ్యాక నన్ను బెంచీ మీదికి పంపకుండా తన బల్ల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకునేది. తన పని తాను చేసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి, "బాగానే ఉన్నారు కదండి," అనేది. అడుగుతున్నట్టు కాదు, తేల్చి చెబుతున్నట్టు. నేను బాగానే ఉండేవాణ్ణి. ఆ కుర్చీలోనే, నెలకు కొంచెం చొప్పున, నా భయం అరిగింది.

రేపల్లె, తొంభై ఏడు

ఆఫీసుకు ఫోను వచ్చింది. ప్రకాశం భార్య మేరీ రేపల్లెలో ఏదో ఫోను బూత్ నుంచి మాట్లాడుతోంది. "అన్నయ్యా, ఆయనకి గుండెల్లో నొప్పొచ్చింది. ఇక్కడ నర్సింగ్ హోములో ఉన్నాం. సూది వేయించుకోనంటున్నారు. డాక్టరమ్మని తోసేశారు," అంది. ఇంకేమీ చెప్పలేక ఫోను పెట్టేసింది.

సుగుణకు కబురు పెట్టి నేను దొరికిన బస్సెక్కాను. చెరుకుపల్లి దాటేదాకా నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరో లేచినా కూర్చోలేకపోయాను. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవర్ని చంపాలనిపించింది.

నర్సింగ్ హోము గదిలోకి అడుగుపెట్టేసరికి గచ్చు మీద సెలైను మడుగు. స్టాండు పడి ఉంది. ప్రకాశం మంచం అంచున కూర్చుని, రొమ్ము పట్టుకుని, ఒళ్ళంతా చెమటతో, తడిసిన ఎద్దులా రొప్పుతున్నాడు. సూది పీకేసిన చోటునుంచి మోచేతి మీదుగా రక్తం కారుతోంది. మేరీ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. డాక్టరమ్మ నడివయసు మనిషి. గదికి అవతలివైపు నిలబడి ఉంది, దగ్గరికి రావడం లేదు.

గుండెపోటేననీ, గడ్డ కరిగించే మందు సిద్ధంగా ఉందనీ, ఇంకా ఆలస్యమైతే తానేమీ చేయలేననీ ఆవిడ నాతో చెప్పింది. ఆయన వద్దంటుంటే మీద పడి గుచ్చలేను కదండి అంది.

నేను అడగకముందే ప్రకాశం నోరు తెరిచాడు.

"నాకొద్దు బావా. నువ్వెట్లా కొట్టుకున్నావో నా కళ్ళతో చూశాను. ఇంటికి పోయి చస్తా."

డాక్టరమ్మకు నా సంగతి చెప్పాను. వాడి కాలికి ఎప్పుడైనా అలాంటి జ్వరం వచ్చిందా అని ఆవిడ అడిగింది. మేరీ లేదంది. గొంతునొప్పులు? లేవు. వాడు మందు మొహమే ఎరగని మనిషి. వాడి ఒంటికి ఆ క్రిమితో అంత పాతపగ లేదు. అయినా డాక్టరమ్మ, ముందు జాగ్రత్తకు వేరే ఇంజెక్షను ఇచ్చి మొదలుపెడతానంది.

నేను వాడికి చెప్పాను. నీ ఒళ్ళు వేరు, నా ఒళ్ళు వేరు అని చెప్పాను. ఆ సగం మందు వల్లే ఇవాళ నీ ముందు నిలబడ్డానని చెప్పాను. వాడు వినలేదు. లేచాడు. చొక్కా కోసం చూస్తున్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"జరుగు బావా."

"జరగను."

వాడు నన్ను తోశాడు. కొట్టాలని కాదు, కానీ ఆ చేతులతో తోస్తే ఏమవుతుంది. నేను వెనక్కి పోయి పడిన స్టాండు మీద పడ్డాను. కణత ఇనుముకు తగిలింది. కన్ను పైన చీలి, వెచ్చగా రక్తం కంట్లోకి దిగింది. రొమ్ములో ఎక్కడో పాత చోటు కలుక్కుమంది. మేరీ కెవ్వుమంది. నేను కొంతసేపు లేవలేదు. లేవలేకపోయాను కూడా.

కళ్ళు తెరిచేసరికి ప్రకాశం నా పక్కన గచ్చు మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. నొప్పికా, నన్ను చూసా, చెప్పలేను. నా తల పట్టుకుని, బావా బావా అంటున్నాడు.

"నన్ను కొట్టడం అయిందిగా. ఇక పడుకో," అన్నాను.

వాడు పడుకున్నాడు.

చెయ్యి మళ్ళీ లాక్కోకుండా నేను వాడి మోచేతి పక్కన ఎక్కి కూర్చుని, దాని మీద నా ఒళ్ళు బరువంతా వేశాను. ఒక చేత్తో నా కంటికి దూది పట్టుకున్నాను. డాక్టరమ్మ సూది పెట్టింది. మందు చుక్క చుక్కగా దిగడం మొదలైంది. ఆ చుక్కల వైపు చూడలేకపోయాను. వాడి పెదవులు చూస్తూ కూర్చున్నాను. అరచెయ్యి తిప్పి చూశాను. దురద పెడుతోందా అన్నాను. లేదన్నాడు. నాలుక బయట పెట్టమన్నాను. పెట్టాడు. గాలి ఆడుతోందా? ఆడుతోంది. ఉన్నట్టుండి వాడు మెడ గోక్కున్నాడు. నేను, డాక్టరమ్మ, మేరీ ముగ్గురం ఒక్కసారి వాడి మీదికి వంగాం.

"అంటించిన పట్టీ వెంట్రుకలు పీకుతోంది బావా," అన్నాడు.

నా ఒళ్ళు మాత్రం ఊరుకోలేదు. వాడికి రావాల్సిన వణుకు నాకు వచ్చింది. పళ్ళు కొట్టుకుంటుంటే దవడ బిగబట్టుకుని, వాడి చెయ్యి వదలకుండా కూర్చున్నాను. సీసా సగమైంది. నాకు ఆపిన చోటు అది. అక్కడినుంచి ఒక్కొక్క చుక్కా నేను ఎరగని దారి. ఆ దారిలోనే ఎక్కడో ప్రకాశం కళ్ళు మూసుకుని, పెద్దగా ఊపిరి వదిలి, పోయింది బావా అన్నాడు. ఏం పోయిందిరా అని నేను అరిచాను. నొప్పి అన్నాడు.

సుగుణ వచ్చేసరికి వాడు నిద్రపోతున్నాడు. నా కంటి పైన కుట్లు వేస్తున్నారు. ఆమె మా ఇద్దరినీ చూసింది. ఎవరు ఎవర్ని కొట్టారని అడిగింది, సమాధానం కోసం ఆగలేదు.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ వచ్చి జాగ్రత్తలు చెప్పింది. చుట్ట మానాలి, ఉప్పు తగ్గించాలి, బరువులు ఎత్తకూడదు. చివరికి, ఈ మందు ఇక ఇతనికీ పనికిరాదంది. మొదటిసారి ఒంటికి అదేమిటో తెలియదు, అందుకని పని చేయనిచ్చింది. ఇప్పుడు తెలిసిపోయింది, మళ్ళీ ఇస్తే ఒళ్ళు దాన్ని అడ్డుకుంటుంది, లేదా తిరగబడుతుంది. దీన్ని మళ్ళీ నమ్ముకోకూడదు, మళ్ళీ నొప్పి వస్తే వేరే దారి చూసుకోవాలి అని వివరించి వెళ్ళిపోయింది.

ప్రకాశం మంచం మీద కూర్చుని కాసేపు తన మోచేతి వైపు చూసుకున్నాడు. సూది పెట్టిన చోటు నల్లగా కమిలి ఉంది.

"ఒక్కసారేనా బావా?" అన్నాడు. "ఒక్కసారి పనిచేసే దాన్ని నేను వద్దని పీకి పారేయబోయానా?"

ఆ మాటంటూ వాడు ఏడ్చాడు. ఎన్ని కొట్లాటల్లోకి పోయినా, తండ్రి పోయినప్పుడు కూడా వాడు ఏడవలేదని సుగుణ చెప్పేది. పెద్దగా, సిగ్గు లేకుండా, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు. మేరీ మొహం తిప్పుకుని బట్టలు సంచిలో సర్దుతూ ఉండిపోయింది. సుగుణ వెళ్ళి తమ్ముడి తల పొట్టకు ఆనించుకుంది. నేను ఆ కమిలిన చేతి మీద చెయ్యి వేసి, ఆ ఏడుపు తీరేదాకా వాడి పక్కనే కూర్చున్నాను.